చీరకంటే పొట్టి కారు

ఆవకాయ పాళ్ళూ, పిల్లల టిఫిను డబ్బాలూ, జాకెట్ల కత్తిరింపులూ వచ్చే పేజీల్లో ఈవిడ కారు గురించి మొదలుపెట్టిందేమిటా అనుకుంటున్నారా? అనుకోండి, ఫరవాలేదు. కానీ ఒక్క మాట చెప్పండి. మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఇల్లు తర్వాత అంత డబ్బు పోసి కొనే వస్తువు కారే కదా! మిక్సీ కొనాలంటే మనల్ని అడుగుతారు. కుక్కరు ఎన్ని లీటర్లది కావాలో మనల్నే అడుగుతారు. ఎనిమిది లక్షల కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనల్ని అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: "ఏ రంగు తీసుకుందాం?"

అందుకే ఇది రాస్తున్నాను. రెండేళ్ళుగా నేను హనుమకొండలో డిక్కీ ఉన్న చిన్న కారు నడుపుతున్నాను. ఏ కంపెనీదో చెప్పను. పొగిడితే ప్రకటనలా ఉంటుంది, తెగిడితే పితూరీలా ఉంటుంది. మా కాలనీలోనూ, మా చిట్టీ వేసే ఆడవాళ్ళలోనూ ఇలాంటి కార్లున్న ఇళ్ళు బోలెడు. వాళ్ళందరినీ కదిలిస్తే మగవాళ్ళు చెప్పేది ఒకటి, ఆడవాళ్ళు చెప్పేది ఒకటి. మగవాళ్ళు మైలేజీ అంటారు, పికప్ అంటారు, మళ్ళీ అమ్మితే ఎంతొస్తుందంటారు. అవీ అవసరమే, కాదనను. కానీ ఆ కారులో ఎక్కేదీ దిగేదీ, సామాను సర్దేదీ, ముసలివాళ్ళను కూర్చోబెట్టేదీ మనం. మన అభిప్రాయం ఏ షోరూములోనూ రాసి పెట్టరు. మనమే చెప్పుకోవాలి.

ముందు ఈ కారు పుట్టుక చెప్తాను, సరదాగా ఉంటుంది. ఒకప్పుడు డిక్కీ ఉన్న కారంటే అంబాసిడరూ, పద్మినీ. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మనబోటి వాళ్ళకు కారు దగ్గరైంది గానీ డిక్కీ దూరమైంది. తర్వాత 2006 ఫిబ్రవరి బడ్జెట్లో అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం గారు చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అనిపించుకోవాలంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు. పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. అంతే, కంపెనీలన్నీ టేపు పట్టుకుని కూర్చున్నాయి. 2008లో టాటావాళ్ళు ఇండిగోను కత్తిరించి ఇండిగో సీఎస్ తెచ్చారు. అదే ఏడాది మార్చిలో వచ్చిన స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు. గీత దాటింది కాబట్టి రాయితీ లేదు. 2012లో దాని తోక తగ్గించి 3995 మిల్లీమీటర్లకు తెచ్చారు. గుడ్డ చాలకపోతే టైలరు చేతులు పొట్టి చేసినట్టన్న మాట. 440 లీటర్ల డిక్కీ కాస్తా 316 లీటర్లయింది. ఆ వెనకే 2013లో హోండా అమేజ్, 2014లో హ్యుందాయ్ ఎక్సెంట్, 2017లో టాటా టిగోర్, 2020లో హ్యుందాయ్ ఆరా వచ్చాయి.

2017లో జీఎస్టీ వచ్చినా ఆ నాలుగు మీటర్ల గీత మాత్రం చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ కొలతల్లో ఉన్న కార్ల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి తగ్గించి, పైన వేసే సెస్సు కూడా తీసేశారు. మనం కట్టుకునే చీర ఐదున్నర మీటర్లు. ఈ కారు నాలుగు మీటర్లు కూడా లేదు. చీరకంటే పొట్టి కారులో ఐదుగురు మనుషులూ, వాళ్ళ సామానూ పట్టాలి. ఎక్కడో ఒకచోట ఇరుకు తప్పదు. ఆ ఇరుకు ఎవరి వంతుకు వస్తుందన్నదే అసలు చూసుకోవాల్సింది.

సరే, డిక్కీతోనే మొదలుపెడదాం. కంపెనీలవాళ్ళు లీటర్లలో చెప్తారు. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్‌కు 382, ఆరాకు 402, అమేజ్‌కు 416, టిగోర్‌కు 419. లీటర్లంటే మనకు పాలు గుర్తొస్తాయి గానీ డిక్కీ గుర్తు రాదు. మన లెక్కలో చెప్పాలంటే, పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు, ఒక పెద్ద సూట్‌కేసు, కూరగాయల సంచి, రెండు ఊరగాయ జాడీలు మా డిక్కీలో సుబ్బరంగా పడతాయి. అన్నిటికంటే నాకు నచ్చింది డిక్కీకీ మనుషులకూ మధ్య ఉన్న అడ్డుగోడ. పుట్టింటి నుంచి ఆవకాయ తెచ్చినా, ఎండు చేపలు తెచ్చినా ఆ వాసన డిక్కీలోనే ఉంటుంది. డిక్కీ లేని చిన్న కారున్న మా ఆడబిడ్డ మాత్రం ఒకసారి నూనె కారిన జాడీ పుణ్యమా అని నెల రోజులు కారంతా ఆవ ఘాటుతోనే తిరిగింది. అయితే ఇందులో ఇంకో సంగతుంది. డిక్కీ లేని కార్లలో వెనక సీటు మడిచి కుట్టుమిషను కూడా పెట్టుకోవచ్చు. డిక్కీ కార్లు చాలావాటిల్లో ఆ సీటు మడవడానికి రాదు. పొడుగాటి సామాను తరచూ మోసేవాళ్ళు ఇది చూసుకోవాలి.

మన వరంగల్ వాళ్ళకు డిక్కీకి ఇంకో పరీక్ష కూడా ఉంది. మేడారం! సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం మొక్కుకుంటాం కదా, అంటే మనిషి బరువుకు తూగే బెల్లం. 2026 జనవరి 28 నుంచి 31 దాకా జాతర జరిగింది. మేము రద్దీకి భయపడి పది రోజుల ముందే వెళ్ళొచ్చాం. మా అత్తమ్మ మొక్కు బెల్లం 58 కిలోలు. డిక్కీలో పాత దుప్పటి పరిచి దాని మీద పెట్టాం, లేకపోతే చీమలు వారం రోజులదాకా వదలవు. బరువుకు కారు వెనక భాగం బాగా కుంగింది. అందుకని ములుగు దాటిన దగ్గర్నుంచి ప్రతి స్పీడ్ బ్రేకరుకూ రెండో గేరులోకి, ఒక్కోసారి మొదటి గేరులోకి దించి నడపాల్సి వచ్చింది. జాతర నాలుగు రోజుల్లో పోదలుచుకున్నవాళ్ళకు నా సలహా మాత్రం ఆర్టీసీ బస్సే. సొంత బండ్లను దూరంగా ఆపిస్తారు, బస్సు గద్దెలకు దగ్గరగా దింపుతుంది. కారుంది కదా అని ప్రతిచోటికీ కారే వేసుకుపోవాలని లేదు.

ఇక ఎక్కడం, దిగడం. మన భాషలో కారు "ఎక్కడం" అంటాం గానీ, ఈ డిక్కీ కార్లలోకి నిజానికి దిగాలి. సీటు కిందికి ఉంటుంది, పైకప్పు వెనక వైపు వాలి ఉంటుంది. మొదటి రోజే మా అత్తమ్మ తల వంచి, నడుము వంచి, మోకాలు పట్టుకుని లోపలికి జారి, "ఏంది బిడ్డా, నేను కారెక్కుతున్ననా, బాయిల దిగుతున్ననా?" అంది. నవ్వుకున్నాం గానీ ఆ మాట లక్ష రూపాయల మాట. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే కారు కొనేముందు వాళ్ళను షోరూముకు తీసుకువెళ్ళండి. ఒకసారి కాదు, మూడుసార్లు ఎక్కించి దింపండి. సేల్స్ అబ్బాయి విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మేము కనిపెట్టిన ఉపాయం ఇది: ముందు వీపు సీటు వైపు పెట్టి కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దిగేటప్పుడు ముందు రెండు కాళ్ళూ బయట పెట్టి, అప్పుడు లేవాలి. ఇప్పుడు మా అత్తమ్మ ఎవరి సాయం లేకుండా దిగుతుంది. చీర కొంగు తలుపులో పడకుండా చూసుకోమని మాత్రం ప్రతిసారీ గుర్తుచేస్తాను.

ఐదో మనిషి సంగతి కూడా చెప్పనివ్వండి. ఐదుగురు పడతారని కాగితంలో రాసి ఉంటుంది. వెనక మధ్యలో కూర్చునే మనిషికి కాళ్ళ దగ్గర నేల ఉబ్బెత్తుగా ఉంటుంది, వీపు దగ్గర గట్టిగా ఉంటుంది. ఆ సీటు ఎవరికి వస్తుందో నేను చెప్పక్కర్లేదు. కోడలికో, పెళ్ళికాని ఆడపిల్లకో! మా చిట్టీలోని ఒకావిడ, "మా కారు చాలా బాగుంటుందంటరు మావోళ్ళు, నాకేమో ఆరేండ్లు ఆ దిబ్బ మీద కూసొని నడుము పోయింది" అంది. అందరం గొల్లుమన్నాం గానీ, నవ్విన వాళ్ళలో సగం మంది కూర్చునేది ఆ దిబ్బ మీదే. అందుకని షోరూములో ముందు సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పి చూసి మురిసిపోకండి. వెనక మధ్య సీట్లో పది నిమిషాలు కూర్చోండి. మీవారిని కూడా కూర్చోబెట్టండి.

కింద నేలకు ఎంత ఎత్తుందో కూడా అడగాలి. డిజైర్‌కు 163 మిల్లీమీటర్లు, అమేజ్‌కు 172. అంటే జానెడు కూడా లేదు. మన సందుల్లో ఎవరి ఇంటి ముందు వాళ్ళు సిమెంటుతో వేసుకునే బ్రేకర్లకు కొలతా పాడూ ఉండదు. ఒక్కరే ఉంటే దాటే కారు, ఐదుగురెక్కితే కింద గీరుకుంటుంది. గుండెల మీద గీసినట్టే ఉంటుంది ఆ చప్పుడు. ఐదుగురూ కలిసి రోజూ తిరగాల్సిన ఇల్లయితే, గతుకుల పల్లె దారులైతే, ఇంకొంచెం ఎత్తున్న కారు చూసుకోవడమే మేలు.

వానల సంగతి మన ఊరివాళ్ళకు వేరే చెప్పాలా? 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి ఎన్ని ఇళ్ళు మునిగాయో చూశాం. 2025 అక్టోబరు నెలాఖరులో మొంథా తుపానుకు హనుమకొండ, వరంగల్ కాలనీలు మళ్ళీ నీళ్ళపాలయ్యాయి. ఆ రాత్రి మా తెలిసినావిడ వాళ్ళ కారు సీట్ల దాకా నీళ్ళలో ఉండిపోయింది. తెల్లారి నీళ్ళు తీయగానే ఇంట్లో మగవాళ్ళు తాళంచెవి తీసుకుని పరుగెత్తబోతే ఆవిడ అడ్డం పడింది. "మునిగిన మిక్సీని ఆరబెట్టకుండా స్విచ్చి వేస్తమా?" అని అడిగింది. ఎంత చక్కని మాట! నీళ్ళలో మునిగిన కారును స్టార్ట్ చేస్తే ఇంజను లోపలికి నీళ్ళు పోతాయి. గాలిని నొక్కినట్టు నీళ్ళను నొక్కలేదు కాబట్టి లోపలి రాడ్లు వంగిపోతాయి. బీమావాళ్ళు ఇలాంటి నష్టానికి మామూలు పాలసీలో డబ్బు ఇవ్వకుండా వాదన పెట్టుకోవచ్చు. ఇంజను రక్షణకని విడిగా కొంచెం ఎక్కువ కట్టి తీసుకునే పాలసీ ఉంటుంది. లోతట్టు కాలనీలో ఉన్నవాళ్ళు దాన్ని వదలొద్దు. కారును తోసి పక్కన పెట్టి, వీలైతే బ్యాటరీ తీగ తీయించి, ఫోటోలు తీసి, బీమావాళ్ళకు ఫోను చేసి, లాగుడు బండి మీద మెకానిక్కు దగ్గరికి పంపాలి. ఆవిడ అదే చేసింది. సీట్లూ, కింద పరిచిన కార్పెటూ పోయాయి గానీ ఇంజను దక్కింది.

ఇప్పుడు మగవాళ్ళ మైలేజీ దగ్గరికి వద్దాం. ఈ కార్లకు కాగితం మీద లీటరుకు 18 నుంచి 25 కిలోమీటర్ల దాకా రాసి ఉంటుంది. అది ప్రయోగశాలలో కొలిచిన లెక్క. అక్కడ హనుమకొండ చౌరస్తా ఉండదు, ఎండాకాలం ఏసీ ఉండదు, అడ్డం వచ్చే గేదెలుండవు. నేను పాలపద్దు రాసే పుస్తకంలోనే పెట్రోలు పద్దు కూడా రాస్తున్నాను. ట్యాంకు నిండా కొట్టించి, కిలోమీటర్లు రాసుకుని, మళ్ళీ నిండా కొట్టించినప్పుడు పట్టిన లీటర్లతో భాగిస్తే నిజం బయటపడుతుంది. ఊళ్ళో నాకు 13, 14 మధ్య వస్తోంది. జనగామ మీదుగా హైదరాబాదు పోయే నాలుగు వరుసల రోడ్డు మీద, గంటకు ఎనభై దాటకుండా పోతే 20 వస్తోంది. రెండూ కలిపి 16 అనుకోండి.

ఏడాదికి నేను తిరిగింది 7,000 కిలోమీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన పెట్రోలుకు దాదాపు 46,800. బీమా 22,000. సర్వీసుకు, చిల్లర మల్లర పనులకు 7,200. మొత్తం 76,000, అంటే నెలకు 6,300 పైన. కిలోమీటరుకు పదకొండు రూపాయలకు దగ్గర. ఇందులో వాయిదాలు కలపలేదు. ఐదు లక్షల అప్పు 9 శాతం వడ్డీకి ఐదేళ్ళకు తీసుకుంటే నెలకు పదివేల నాలుగు వందలకు కాస్త తక్కువ కట్టాలి. ఐదేళ్ళలో వడ్డీయే లక్షా ఇరవై వేలు దాటుతుంది. పైగా షోరూము ధర వేరు, ఇంటికొచ్చే ధర వేరు. లైఫ్ ట్యాక్సూ, బీమా కలిపి లక్ష పైనే తేడా ఉంటుంది. ఈ లెక్కంతా ఎందుకు చెప్తున్నానంటే, డబ్బు మిగులుతుందని ఎవరూ కారు కొనకూడదు. మనలాంటి వాళ్ళం తిరిగే తిరుగుడుకు ఆటోనే చవక. కారు కొనేది రాత్రిపూట అక్కర కోసం, ముసలివాళ్ళ కోసం, ఎండా వానా కోసం. ఆ అక్కర మీ ఇంట్లో ఉందో లేదో మీరే చూసుకోవాలి.

గ్యాసు బండి గురించి కూడా అడుగుతున్నారు. కాజీపేటలో ట్యాక్సీ నడిపే ఒక తమ్ముడు సీఎన్‌జీ కారే నడుపుతాడు. "అక్కా, రోజుకు వంద కిలోమీటర్లు తిరిగెటోళ్ళకు గ్యాసు. నీలెక్క గుడికీ బడికీ తిరిగెటోళ్ళకెందుకు? డిక్కీ అంతా సిలిండరే మింగుతది" అన్నాడు. మాట నిజమే. 2023లో టాటావాళ్ళు ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి అడుగున పెట్టి కొంత చోటు మిగిల్చారు, 2024లో హ్యుందాయ్‌వాళ్ళు ఎక్స్‌టర్‌లో అదే పని చేశారు. అయినా డిక్కీ కోసమే ఈ కారు కొనేవాళ్ళు ముందు మూత తెరిచి చూసి మరీ నిర్ణయించుకోవాలి. ఆ తమ్ముడే ఇంకో మంచి మాట చెప్పాడు: "క్లచ్ మీద కాలు ఆనించి నడపకక్కా, ప్లేట్లు కాలిపోతయి. గేరు మార్చినంక కాలు తీసి పక్కన పెట్టు." అప్పటి నుంచి అదే పాటిస్తున్నాను. తెల్ల రంగు కొంటే పెళ్ళిళ్ళ దగ్గర ట్యాక్సీ అనుకుని చెయ్యెత్తుతారని మా కాలనీలో కొందరికి బెంగ. తెలుపు ఎండకు తక్కువ వేడెక్కుతుంది. మన ఊరి ఎండలకు అదే గొప్ప.

గేర్లు వాటంతటవే మారే కారు మా చిట్టీలో ఒక బ్యాంకు ఉద్యోగిని కొనుక్కుంది. యాభై వేల నుంచి లక్ష దాకా ఎక్కువ పడుతుందట. "నా ఎడమ కాలు ముందుగానే రిటైరైంది" అని నవ్వుతుంది. మోకాలి నొప్పి మొదలైన వయసులో నేర్చుకునేవాళ్ళకు అది ఖర్చు కాదు, సదుపాయం.

ప్రాణం మాట కూడా మర్చిపోకూడదు. డబ్బు తక్కువ కారు అంటే పలచని రేకు అనే రోజులు కొంత మారాయి. 2024లో వచ్చిన డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దవాళ్ళ రక్షణకు 5 నక్షత్రాలు, పిల్లల రక్షణకు 4 వచ్చాయి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో పరీక్షలు మొదలయ్యాయి. కొనబోయే కారుకు ఎన్ని నక్షత్రాలో అడగండి. చెప్పకపోతే మళ్ళీ అడగండి. అయితే బెల్టు పెట్టుకోనివాళ్ళను ఏ నక్షత్రమూ కాపాడదు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ గారు పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పోయినప్పుడు ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్నారని పోలీసులు చెప్పారు. వెనక సీటు వాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. చీర నలుగుతుందని బెల్టు మానెయ్యకండి. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదుగా రావాలి. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. నడిపేవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, మడమ ఎత్తు చెప్పులు విడిచి చదునువి వేసుకోవాలి.

ఇంతా చెప్పాక అసలు మాట చెప్తాను. మా వీధిలో పదకొండు కార్లున్నాయి. నడిపే ఆడవాళ్ళం ముగ్గురమే. మిగతా ఇళ్ళల్లో పగలంతా కారు గుడ్డ కప్పుకుని నీడలో ఉంటుంది, ఆ ఇంటి ఇల్లాలు రోడ్డు మీద ఎండలో ఆటో కోసం నిలబడి ఉంటుంది. వాయిదాలు కట్టడానికి చీటీ పాడేది ఆవిడే, గాజులు కుదువ పెట్టేది ఆవిడే. తాళంచెవి మాత్రం ఆవిడది కాదు.

మా ఇంట్లోనూ మొదట అంతే. మావారు వారానికి నాలుగు రోజులు ఊళ్ళ మీద ఉంటారు. నేర్చుకుంటానంటే, "నేనున్న కదా, నీకెందుకు?" అన్నారు. "మీరున్న మూడు రోజులకు కాదు, లేని నాలుగు రోజులకు" అన్నాను. మా అత్తమ్మ మంచం మీది నుంచే, "నేర్చుకోనియ్యిరా, నాకు పానం బాగలేకుంటే నువ్వొచ్చేదాంక ఆగుతదా?" అంది. ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేదు. లెర్నర్ లైసెన్సు తీసుకుని, డ్రైవింగ్ స్కూల్లో చేరి, నెల గడిచాక పరీక్షకు వెళ్ళాను. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజుల తర్వాత పరీక్షకు వెళ్ళొచ్చు. తొందరేం లేదు. నలభై దాటాక చేతులు వణుకుతాయేమో అనుకునేవాళ్ళకు చెప్తున్నాను, పొయ్యి మీద నాలుగు గిన్నెలు పెట్టి, కుక్కరు కూతలు లెక్కపెడుతూ, ఫోను మాట్లాడుతూ పిల్లాడి లెక్కలు చూసిన వాళ్ళకు అద్దాలూ, గేరూ, బ్రేకూ ఒకేసారి చూసుకోవడం పెద్ద విద్య కాదు.

మా అమ్మ పరకాల దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఇల్లు విడిచి రాదు. ఇంతకుముందు మావారికి తీరిక దొరికితే రెండు నెలలకోసారి వెళ్ళేదాన్ని. బస్సులో పోవచ్చు, కానీ అత్తమ్మకు మధ్యాహ్నం మందు వేళకు తిరిగి రావడం కుదిరేది కాదు. లైసెన్సు వచ్చిన నెల తర్వాత ఒక గురువారం పొద్దున్నే ఒక్కదాన్నే బయలుదేరాను. ముప్పై అయిదు కిలోమీటర్లే. వాకిట్లో కారు ఆపితే అమ్మ బయటికొచ్చి నన్ను చూసింది, కారు లోపలికి వంగి చూసింది, వెనక సీట్లోకి చూసింది.

"ఎవరు తోలుకొచ్చిండ్రు బిడ్డా?"

"నేనే అమ్మా."

నమ్మలేదు. కూర్చోబెట్టుకుని ఊరి చెరువు దాకా తిప్పాను. ముందు సీట్లో కూర్చోవడానికి ముందు, "నేను ముందల కూసోవచ్చునా?" అని అడిగింది. డెబ్భై ఏళ్ళలో ఎప్పుడు ఎవరి కారెక్కినా ఆమెను వెనకే కూర్చోబెట్టారు. చెరువు కట్ట దగ్గర బట్టలుతికే వాళ్ళు కనపడగానే అద్దం దింపమంది. "నా బిడ్డ తోలుతున్నది" అని వాళ్ళకు వినపడేటట్టు చెప్పింది. అప్పటి నుంచి దాదాపు ప్రతి గురువారమూ వెళ్తున్నాను. బీపీ చూపిస్తాను, మందులు సర్దిపెడతాను, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి అత్తమ్మకు మందు వేస్తాను. పాలపద్దు పుస్తకంలో ఆ డెబ్భై కిలోమీటర్లకు నేను ఖర్చు రాస్తాను. దానివల్ల వచ్చిందేమిటో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

కాబట్టి అక్కలూ, చెల్లెళ్ళూ, మీ ఇంట్లో కారు మాట వస్తే రంగు దగ్గర ఆగిపోకండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను ఎక్కించి దింపి చూడండి. వెనక మధ్య సీట్లో కూర్చోండి. డిక్కీలో మీ సూట్‌కేసు పెట్టి చూడండి. నేలకు ఎంత ఎత్తో, ఎన్ని నక్షత్రాలో, వాయిదా ఎంతో అడగండి. నడిపే సీటు పైకీ కిందికీ జరుగుతుందో లేదో తప్పకుండా చూడండి. మనలో చాలామందికి ఆ సీటు పైకి లేస్తే తప్ప ముందు రోడ్డు కనపడదు. అన్నీ నచ్చితే తీసుకోండి. కారుతోపాటు రెండు తాళంచెవులు ఇస్తారు. ఒకటి ఆయనది. రెండోది బీరువాలో దాచకండి, మీ హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి.